గడప దాటని సీడీ

ఇయ్యాల బుధారం. చూసుకొనే వచ్చినట్టున్నరు గద సారూ? మంగళారం కాదు, శుక్రారం కాదు, సక్కగ బుధారం నాడు వచ్చి తలుపు కొట్టిన్రు. మా ఆయన ఫోన్ల అంత చెప్పేసినట్టున్నడు.

రాండ్రి, లోపటికి రాండ్రి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఇరిగింది, గోడకు ఆనిచ్చి పెట్టినం. ఇటు కూసోండ్రి. జర మెల్లగ మాట్లాడుండ్రి, ఆ అర్రల మా అత్త పండుకున్నది. పండుకున్నదంటె కండ్లు మూసుకున్నది. చెవులు మూసుకోలే.

మీ కంపెనీ సినిమాలు బందు పెట్టుమన్నడట గద మా ఆయన? నాకు ఒక్క మాట చెప్పలే చూడుండ్రి. కాయితం ఆయన పేరు మీదనే ఉన్నది, నిజమే. గని పొద్దంత పత్తర్‌గట్టిల బట్టల దుకాణంల చీరెలు ఇప్పి చూపుడు, మళ్ల మడతపెట్టుడు. ఆయనకు ఇంట్ల ఆ సీడీ ఏం పని చేస్తున్నదో ఏం తెలుస్తది? "ఒక్క సినిమాకు నెలనెల కిరాయి కట్టుడేందే అండాలూ, మనమేమన్న నవాబులమా" అని నిన్న బువ్వ కాడ లొల్లి పెట్టిండు. దండుగ అంటడు.

దండుగనా కాదా నేను చెప్త. మొత్తం విని అప్పుడు రాసుకోండ్రి.

అసలు దీన్ని ఇంటికి తెచ్చిందే ఆయన. మా సందు మొగల బాబురావు సీడీల దుకాణం ఉన్నది. ఒక్కరోజు లేటయితె సాలు, నలుగుట్ల నిలబెట్టి, "ఏం బాలనర్సింహన్నా, సినిమాను సాదుకుంటున్నవా" అంటడు. మా ఆయనకు ఇజ్జత్ పోయినట్టయితది. గప్పుడే పేపర్ల మీ కాయితం వచ్చింది. సినిమా ఇంటికే వస్తది, ఎన్నిరోజులన్న ఉంచుకో, లేటు ఫైను లేదు, చూసినంక కొరియర్ పిలగానికి ఇస్తె ఇంకోటి వస్తది అని. ఎన్నిరోజులన్న ఉంచుకోవచ్చు అన్న మాట కాడ మా ఆయన మొకం ఎలిగిపోయింది. ఇగ అడిగేటోడే లేడు అన్నడు.

మరి ముందుగాల పది సినిమాలు కంప్యూటర్ల ఎంచుకోవాల్నట గద. ఈయన ఇంటర్నెట్ సెంటర్ల కూసుండి ఫైటింగువి రెండు ఎంచేవరకే అర్ధగంట కావచ్చింది. ఆ సెంటరాయన లేవు లేవు అని తొందర పెట్టిండట. మిగిలినయి చేతికి ఏది దొరికితె అది నొక్కి లేచి వచ్చిండు. ఫైటింగువి రెండూ మీ దగ్గర లేకపాయె. చేతికి దొరికినదాంట్లకెళ్లి ఒకటి వచ్చింది.

అదేం దేశమో, అదేం భాషనో సారూ. ఎటు చూసినా మంచు. ఒక రాళ్ల ఇల్లు. ఇంట్ల ఒక ముసల్ది, ఒక వయసు పిల్ల, ఒక మేక. గడ్డపాయన ఒకడుంటడు, మొదట్లనే తలుపు తీసుకొని బయటికి పోతడు, మళ్ల కనబడడు. పాట లేదు, ఫైటింగు లేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తయి, నేను ఏడో తరగతి దాక చదివిన గని అవి నిలబడితె గద చదివేది. మా ఆయన సగంలనే గుర్రు పెట్టిండు. పొద్దుగాల లేచి, "వాపస్ ఇచ్చెయ్" అన్నడు.

ఇద్దామనే అనుకున్న, అబద్ధమెందుకు. గని మీ కొరియర్ పిలగాడు మా ఛత్రినాక దిక్కు వచ్చుడే మంగళారం, శుక్రారం. మా అత్తనేమో ఆ రెండు దినాలు ఇంట్లకెళ్లి ఏ వస్తువను గడప దాటనియ్యది. లక్ష్మి ఎల్లిపోతదట. పక్కింటామె చింతపండు అడిగినా రేపు రా అంటది. ఆ సీడీ మనది కాదు అత్తమ్మా, కంపెనీ వాళ్ల లక్ష్మి, పోతె వాళ్లింటికే పోతది అని ఎవరన్న చెప్పాలె గద ఆమెకు. నేనైతె చెప్పలేను. మా ఇద్దరికి మాటల్లేవు.

నవ్వకుండ్రి సారూ. ఒక్క ఇల్లు, ఒక్క పొయ్యి, మూడేండ్ల సంది మాటల్లేవు. ఆమెకు ఏమన్న కావాల్నంటె గోడకు చెప్తది. "పప్పుల ఉప్పు లేదు" అని గోడతోని అంటది, నేను ఉప్పు డబ్బా తెచ్చి ముంగట పెడత. నాకు కోపమొస్తె నేను గిన్నెలకు చెప్త. మా గోడంత బుద్ధిమంతురాలు ఈ బస్తీల లేదు, ఇద్దరి మాటలు ఇంటది, ఒక్కరికి చెప్పది.

ఎందుకంటరా? మీది ఏ దిక్కు? ఒంగోలా. మాటలనే తెలుస్తున్నది. ఏం పేరు? లక్ష్మీకాంత్. నా చిన్నతమ్ముని ఈడు ఉంటవ్, ఇగ సారు గీరు అననుపో. చాయ్ పెట్టనా? సరే, నీళ్లన్న తాగు బిడ్డా.

బోనం కాడ చెడింది మాకు. మీ దిక్కు బోనాల్లేవు గద, చెప్త. ఆషాఢంల అమ్మవారికి కుండల బువ్వ వండి, పసుపు కుంకుమ పెట్టి, మీద దీపం ముట్టిచ్చి, నెత్తి మీద ఎత్తుకొని గుడికి పోతం. మా ఇంటి పద్ధతి ఏందంటె, ఇంట్ల పెద్దామెనే ఎత్తుకోవాలె. ఇగ నాతోని కాదు అనుకున్ననాడు పెద్దామె కోడల్ని పిలిచి, తన చేతులతోని కోడలి నెత్తి మీద పెడ్తది. ఆ పొద్దు నుంచి ఆ ఇంటికి కోడలే పెద్ద.

ఆ ఏడు మా అత్తకు మోకాళ్లు వాసినయి. బోనం తయారైంది, వాకిట్ల పెట్టినం, డప్పులోళ్లు సందుల నిలబడ్డరు. ఈమె లోపల మోకాలికి గుడ్డ కట్టుకుంటున్నది, ఎంతకూ ఎల్లది. లేటయితున్నదని నేనే ఎత్తుకున్న. గంతే. గుడికి పోయి దించి వచ్చేవరకు ఈమె గడపల కూసున్నది. "నేనింకా సావలేనే" అన్నది. గదే ఆఖరి మాట నాతోని.

నువ్వే చెప్పు, తప్పా? డప్పులోళ్లు ఈమె మోకాలి కోసం నిలబడతరా?

ఆ మరుసటేడు సంది ఆమె బోనం ఒళ్లె పెట్టుకొని ఆటోల పోతున్నది. నిజంగ బిడ్డా, ఆటోల. గాలికి దీపం ఆరుతది, ఆటో ఆపిపిస్తది, ఆటోడు అగ్గిపెట్టె ఇస్తడు, మళ్ల ముట్టిస్తది, ఇంత దూరం పోంగనే మళ్ల ఆరుతది. ఎనుక బస్తీ ఆడోళ్లందరు నెత్తుల మీద బోనాలతోని నిలబడి ఉంటరు. నేను ఉత్త చేతులతోని నడుస్త. వచ్చే ఆదివారం మళ్ల బోనాలు.

ఆగయ్య అని మా బస్తీ పెద్దమనిషి ఒకసారి పంచాయితీకి వచ్చిండు. మా అత్త ఆయనకు చేపల కూర పెట్టింది, వండింది నేనే. తిని, చేతులు కడుక్కొని, "అత్త మంచిది, కోడలు మంచిది, కూర ఇంకా మంచిగున్నది" అని తీర్పు చెప్పి పోయిండు. గసొంటి పంచాయితీకి ఖర్చు పెడితె దండుగ కాదట, మీ సీడీకి పెడితె దండుగట.

ఇప్పుడు సీడీ సంగతి ఇను.

ఒకనాడు పగటీలి ఆయన దుకాణంల ఉన్నడు, ఏం తోచక ఆ సినిమానే పెట్టుకున్న. ఈమె మంచం మీద కూసోని చూస్తున్నది. సినిమాల ముసల్ది పొయ్యి కాడ నిలబడి ఆ పిల్లను ఏందో అంటున్నది, మస్తు సేపు అంటున్నది. మా అత్త ఉన్నట్టుండి, "ఇంత నూనె పోస్తరే కూరల, మీ నాయినకు గానుగ ఉన్నదా అంటుంది ముసల్ది" అన్నది.

నేను టీవీ దిక్కే చూస్తున్న. సినిమాల పిల్ల ఇటు తిరిగి ఏందో చిన్న మాట అన్నది. నా నోట్లకెళ్లి దానంతటదే వచ్చింది బిడ్డా. "నీ కొడుకే పొయ్యమన్నడు అంటుంది పిల్ల" అన్న.

సినిమాల ముసల్ది మళ్ల నోరు తెరిచింది. మా అత్త కూడ తెరిచింది.

గట్ల షురువైంది. దినాం పగటీలి బువ్వ తిని, బోళ్లు తోమి, సినిమా పెట్టుకుంటం. మేం మాట్లాడుకుంటలేం, సినిమాలవాళ్లు మాట్లాడుతున్నరు. పద్ధతి ఎవ్వరు పెట్టలే, దానంతటదే పడింది. ముసల్ది నోరు కదిలినంత సేపు అత్త మాట్లాడొచ్చు, పిల్ల నోరు కదిలినంత సేపు నేను. నోరు బందయితె మాట బందు. మధ్యల ఎవ్వరు రావొద్దు.

గని బిడ్డా, ఆ సినిమా తీసినోడు ఎవడో గని నా దుష్మన్. ముసల్ది ఒకటే వాగుడు. లేస్తె వాగుడు, కూసుంటె వాగుడు, మేకకు గడ్డి ఏసుకుంట కూడ వాగుతది. పిల్లకు నోట్ల బెల్లం గడ్డ పెట్టినట్టే. సినిమా మొత్తంల ఏడెనిమిది సార్లు నోరు తెరుస్తదో లేదో, అవీ ఉఁ, ఆఁ అన్నంతనే. మా అత్త పెండ్లినాడు పెట్టిన చీరెల కాడికెళ్లి మొన్న మాడిన పాల దాక అన్ని అడిగేస్తది. నేను ఉఁ అనేంత జాగల ఇరవై ఏండ్ల జవాబు ఎట్ల ఇరికియ్యాలె? జెల్దిజెల్ది మాట్లాడి నాలుక కరుచుకున్న ఒకరోజు, చూడు, ఇంకా పుండు మానలే.

రిమోట్ నొక్కి ఎనుకకు తిప్పిన ఒకసారి, నా మాట రెండోసారి వస్తదని. ఆమె మొకం అటు తిప్పి గోడతోని, "తొండి ఆడేటోళ్లతోని సినిమా చూడొద్దు" అన్నది. మళ్ల రెండు దినాలు చూడలే. నేనే మాఫీ కింద మేక కనబడే కాడ మే అని అరిసిన. మొకం అటే పెట్టుకున్నది గని భుజాలు కదిలినయి. నవ్వింది.

శుక్రారం సేట్ దుకాణం బందు పెడతడు, మా ఆయన ఇంట్లనే. మా సంగతి తెల్వదు ఆయనకు, ముసల్ది అన్నది, పిల్ల అన్నది అంటుంటె ఇద్దరికి పిచ్చి లేచింది అనుకున్నడు. జర సేపు చూసి, సినిమాల నా తరఫున మాట్లాడేటోడు ఎవరు లేరా అన్నడు. గడ్డపాయన ఉన్నడు గద. తలుపు తీసే కాడ రెండు మాటలంటడు ఆయన. మా ఆయన, "నేను పోతున్న" అన్నడు, చెప్పులేసుకొని నిజంగనే హోటల్‌కు పోయిండు.

నువ్వు నవ్వు బిడ్డా, నవ్వినా ఏం కాదు. మాకు కూడ నవ్వులాటనే, ఆ కిటికీ సీను దాక.

అగో సినిమా సగంల ముసల్ది కిటికీ కాడ ఒక్కతే కూసుండి బయటికి చూసుకుంట మెల్లగ ఏందో చెప్పుకుంటది. దినాం ఆడ మా అత్త కాళ్ల నొప్పుల మీద చెప్పేది. పోయినవారం మాత్రం వేరే చెప్పింది. "నాకు కూడ మా అత్త ఎత్తియ్యలే అంటుంది ముసల్ది" అన్నది. "పొద్దుగాల మంచిగున్నది, సాయంత్రానికి పాణం పోయింది. మైల తీరినంక నా బోనం నేనే ఎత్తుకున్న. ఎత్తిచ్చుకునే నసీబు నాకు లేదు, ఎత్తిచ్చే నసీబన్న ఉంటదనుకున్న. కోడలి నెత్తి మీద నా చేతులతోని పెడదామనుకున్న. గదీ లేకుండ చేసింది పిల్ల, అంటుంది" అన్నది.

ఇన్నేండ్లు ఆమెకు పెత్తనం పోయిందని కోపం అనుకున్న. చెప్దామంటె, అత్తమ్మా నాకు తెల్వదు అందామంటె, నా వంతు కాదు. ఆ పిల్ల బయట మేకకు పాలు పిండుతున్నది. నోరు కదిలితె గద. వచ్చి లోపటికి అడుగు పెట్టేవరకు ముసల్ది వేరే సంగతి మొదలుపెట్టింది, నూనె సంగతి.

ఇగ నాకున్నది ఆఖరి సీను ఒక్కటే. ఆడ ముసల్ది పాల బకిట పట్టుకొని గడప కాడికి వస్తది. పిల్ల ఎదురుంగ నిలబడ్తది. ముసల్ది దాని మొకంలకు చూసి నోరు తెరుస్తది. గాడ ఆగుతది సీడీ. మొకమంత గళ్లు గళ్లయి, తెరిచిన నోరు తెరిచినట్టే. దినాం గాడనే. మా అత్త కూడ నోరు తెరిచి ఉంటది, ముసల్ది నోరు కదలంది ఆమె మాట్లాడది, పద్ధతి పద్ధతే. జర సేపు చూసి నోరు మూసుకొని పోయి పండుకుంటది.

మా ఆయన తువ్వాలతోని తుడిచిండు. పండ్లపొడి పెట్టి రుద్దిండు. ఎవరో చెప్పిన్రని అరటిపండు తొక్క కూడ రుద్దిండు, ఈగలొచ్చినయి గని బొమ్మ కదలలే. ఆమె ఆడ ఏమంటదో ఇనకుండ ఆ సీడీ నేనెట్ల ఇయ్యాలె? మంగళారం, శుక్రారం అన్నది మీ కొరియర్ పిలగానికి చెప్పుకున్న మాట. అత్త ఆ పట్టింపు మానేసి కూడ చాన రోజులాయె, మొన్న శుక్రారం పక్కింటికి చక్కెర ఇచ్చింది. నేనే చెప్పుకొస్తున్న.

ఏందది సంచిల? గదే సినిమానా? కొత్తదా?

సీడీ ఆగుతున్నదని కూడ ఫోన్ల చెప్పిండా ఆయన? బందు పెట్టకుండ్రి, మంచి సీడీ ఇస్తం అని పంపిన్రా నిన్ను. మంచి కంపెనీయే పాపం. నువ్వు చూసినవా ఈ సినిమా? ఆఖర్ల ముసల్ది ఏమంటది? ఏమన్నా గని నాకేంది, నోరు ఎంత సేపు కదులుతది, గది చెప్పు. లంబ మాటనా, పొట్టి మాటనా? చూడలేదా? మీ ఆఫీసుల ఎవ్వరు చూడలేదా? అందుకే గింత తళతళ ఉన్నది.

ఇప్పుడు వద్దు బిడ్డా. ఆదివారం అయినంక చూస్తం. ఆమె మళ్ల, నేనింకా సావలే అన్నదనుకో, నేనేం చెయ్యాలె? తెరిచిన నోరు అట్లనే ఉంటె కనీసం ఆశ అన్న ఉంటది. నువ్వు తీస్కపో.

అగో, మంచం కిర్రుమన్నది. లేచింది. నీతోని నేను మాట్లాడినవన్ని ఇన్నది, నా కర్మ. అటు చూడకు. వచ్చి కూసున్నది. చెయ్యి ఊపుతున్నది, పెట్టుమంటున్నది నిన్ను. పెట్టు ఇగ, ఏం చేస్తం. ఆఖరికి తిప్పు. ఇంకా ముందుకు. ఆఁ, గిదే, మంచు ఆగిపోయింది చూడు, తలుపు తీస్తది ఇప్పుడు.

బకిట తెస్తున్నది. పిల్ల వచ్చింది. నోరు తెరిచింది. ఈడనే ఆగేది. ఆగలే. ఆగలే బిడ్డా.

మూసుకున్నది. నోరు మూసుకున్నదేంది? ఏం అనలే. బకిట కింద పెట్టింది, లోపటికి పోతున్నది. తలుపేసుకున్నది. పిల్ల నిలబడ్డది, బకిట దిక్కు చూస్తున్నది. ఎత్తదేంది అది? ఎంత సేపు చూపిస్తరు బకిట? పేర్లు పడుతున్నయి. అయిపోయిందా? గింతేనా సినిమా?

...

ఇన్నవా బిడ్డా? నాకే ఇనబడ్డదా, నీకు కూడ ఇనబడ్డదా? "దించింది గదనే, ఎత్తుకోదేందది? దానికి నోరు తెరిచి చెప్పాల్నా?" అన్నది. ఎవరి నోరు కదిలింది? ముసల్ది లోపటున్నది, పిల్ల నోరు మూసుకొని ఉన్నది. ఎవరి మాట అది? సొంత మాట. మా అత్త సొంత మాట.

ఆమెకు కూడ తెలిసింది చూడు, ఏమన్నదో. కొంగు నోట్ల పెట్టుకున్నది. నా దిక్కు చూస్తున్నది. మూడేండ్ల తర్వాత చూస్తున్నది బిడ్డా, నువ్వు జర అటు తిరుగు.

ఏమంటుంది నిన్ను? నీతోనే, రాసుకో. "ఇది తీస్కపో పిలగా, ముసల్దానికి నోరు ఎక్కువ. కోడలు జర ఎక్కువ మాట్లాడే సినిమా ఉంటె పంపు" అన్నది. మళ్ల పోయి పండుకున్నది, చూసినవా, అటు తిరిగి.

మా ఆయనకు ఏం చెప్తవో చెప్పుకో, బందు మాత్రం పెట్టకు. ఆదివారం బోనం ఎవరు ఎత్తుతరు అని అడగకు. అడగకుండ ఎత్తితె నేను గయ్యాళిని, ఎత్తకుంటె మొద్దుని, ఇదీ నా బతుకు. ఆటోడికి చెప్పాల్నా వద్దా అన్నది కూడ తెల్వదు నాకు.

ఉంటదా మీ దగ్గర గసొంటి సినిమా? ఉండే ఉంటది, ఏ దేశంల లేరు కోడండ్లు. ఇన్ని రోజులు ఆ పిల్లకు నోరు లేదని తిట్టుకున్న నేను. ఇప్పుడు నోరున్న పిల్ల వస్తున్నదంటె, నిజం చెప్తున్న బిడ్డా, దాంతోని ఏం చెప్పియ్యాల్నో నాకు ఒక్క ముక్క తోస్తలేదు.